హక్కు అడిగిన స్త్రీలు, ఇవ్వవలసిన మనం

రావులపాలెం జుమా ప్రసంగ పాఠం

మొదటి ఖుత్బా

సృష్టికర్త, పోషకుడు, న్యాయాధిపతి అయిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకుల పైనా, వారి సహచరుల పైనా శాంతి శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన సోదరులారా! ముందుగా నాకూ, మీకూ దైవభీతిని గురించి హితవు చెప్పుకుంటున్నాను. నమాజు వరుసలో నిలబడినప్పుడు దైవభీతి చూపించడం సులభం. తండ్రి ఖననం ముగిసి, ఆస్తి కాగితాలు ముందర వేసుకుని అన్నదమ్ములు కూర్చున్నప్పుడు దాన్ని నిలుపుకోవడం కష్టం. ఈ రోజు ప్రసంగం ఆ రెండవ సందర్భాన్ని గురించినది. స్త్రీల హక్కుల కొరకు తొలిరోజులలో నిలబడి అడిగిన వారిని స్మరించుకుందాం. వారు సాధించినది మన ఇళ్ళలోకి ఎంతవరకు వచ్చిందో లెక్క చూసుకుందాం.

సోదరులారా! ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజియల్లాహు అన్హు) అమరులైనారు. వారికి ఇద్దరు ఆడపిల్లలు. నాటి అరబ్బు ఆచారం ప్రకారం గుర్రమెక్కి పోరాడగలిగిన మగవాడికే వారసత్వం. స్త్రీకీ, పసివాడికీ ఏమీ లేదు. ఆ ఆచారాన్ని అనుసరించి పిల్లల పినతండ్రి ఆస్తినంతా తీసుకున్నాడు. అప్పుడా తల్లి ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఇద్దరు బిడ్డలనూ వెంటబెట్టుకుని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చింది. వీరి తండ్రి మీతో ఉండి యుద్ధంలో మరణించాడు, పినతండ్రి వీరికేమీ మిగల్చలేదు, ధనం లేకుండా వీరికి పెళ్ళిళ్ళు ఎలా అవుతాయని నిలదీసింది. ఈ విషయంలో అల్లాహ్ తీర్పు చెబుతాడని ప్రవక్త సమాధానమిచ్చారు. ఆ తరువాత వారసత్వ ఆదేశాలు అవతరించాయి. ప్రవక్త ఆ పినతండ్రిని పిలిపించి, ఆడపిల్లలిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదవ వంతు ఇచ్చి, మిగిలినది నీవు తీసుకో అని ఆజ్ఞాపించారు. ఆస్తిని 24 పాళ్ళు చేస్తే 16 పాళ్ళు బిడ్డలకు, 3 పాళ్ళు తల్లికి వచ్చాయి. మొత్తం నాదే అనుకున్న మనిషికి 5 పాళ్ళు మిగిలాయి.

మరొక మహిళ హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజియల్లాహు అన్హా). భర్త కోపంలో ఆమెను తన తల్లి వీపుతో పోల్చాడు. ఆ ఒక్క మాటతో భార్య భార్య కాకుండా పోయే దురాచారం అది. విడుదలా లేదు, కాపురమూ లేదు. ఆమె ప్రవక్త వద్దకు వచ్చి తన వాదన వినిపించింది. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ వాదించింది. ఆమె మొర అల్లాహ్ ఆలకించాడన్న ప్రకటనతోనే దివ్య ఖుర్ఆన్‌లోని 58వ సూరా ఆరంభమవుతుంది. ఆ సూరా పేరు 'ముజాదలా'. వాదన అని దాని అర్థం. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) తన పాలనాకాలంలో దారిలో ఆమె ఆపితే ఆగి, ఆమె ముగించేవరకు నిలబడి విన్నారనీ, ఈమె మాట సప్తాకాశాల పైన ఆలకించబడిందని తోడున్న వారికి చెప్పారనీ ఉల్లేఖనాలలో ఉంది.

సోదరులారా! హక్కు అడిగిన స్త్రీని నోరుగలదని, సిగ్గులేనిదని అనే అలవాటు మనలో ఉంది. ఈ ఇద్దరు స్త్రీల చరిత్ర తెలిసినవారు ఆ మాట అనలేరు. తన హక్కు తాను అడగడం మన ధర్మంలో తప్పు కాదు. దానిని ఇవ్వకపోవడమే తప్పు.

ఇక మన దేశానికి వద్దాం. శతాబ్దాలు గడిచేసరికి ధర్మం ఇచ్చిన వాటాను ఆచారం మింగివేసింది. ఆంగ్లేయుల కాలంలో ఉత్తర భారతంలోని అనేక ప్రాంతాలలో ముస్లిం కుటుంబాల వారసత్వాన్ని షరీఅత్ ప్రకారం కాక, స్థానిక ఆచారం ప్రకారం న్యాయస్థానాలు తేల్చేవి. ఆ ఆచారంలో కూతురికి భూమి లేదు.

అదే కాలంలో మన దేశపు స్త్రీలు ఓటు హక్కును అడగడం ఆరంభించారు. 1917 డిసెంబరు 18న మద్రాసులో ఒక మహిళా ప్రతినిధి బృందం భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసింది. దానికి నాయకత్వం వహించినది హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు. ఆ బృందంలో బేగం హస్రత్ మోహానీ కూడా ఉన్నారు. ఆమె పేరు నిషాతున్నిసా. పురుషులకు ఏ నియమాల మీద ఓటు ఇస్తారో అవే నియమాల మీద స్త్రీలకూ ఇవ్వాలన్నది వారి కోరిక. నాలుగేళ్ళకు, 1921లో, మద్రాసు ప్రెసిడెన్సీ స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. మన గోదావరి ప్రాంతం ఆనాడు ఆ ప్రెసిడెన్సీలోనిదే.

అయితే ఆ ఓటుకు ఒక షరతు ఉంది. ఆస్తి ఉండి, దానిమీద పన్ను కట్టేవారికే ఓటు. స్త్రీలలో ఎందరి పేర సెంటు భూమి ఉంది? చట్టం తలుపు తెరిచినా లోపలికి రాగలిగిన స్త్రీలు బహు కొద్దిమంది. ఆస్తిహక్కు లేనిచోట రాజకీయ హక్కు పేరుకే మిగులుతుందని ఆ తరం స్త్రీలు అనుభవం మీద గ్రహించారు. అందుకే ఓటు కోసం చేసిన పోరాటం వారసత్వం వైపు, వివాహ చట్టాల వైపు నడిచింది.

1937లో షరీఅత్ వర్తింపు చట్టం వచ్చింది. ఆ బిల్లుకు జతపరచిన ఉద్దేశాల వివరణలో గమనించదగిన విషయం ఒకటుంది. ఆచార చట్టం మా హక్కులకు నష్టం చేస్తున్నదని ముస్లిం మహిళా సంఘాలు ఖండించాయనీ, తమకు షరీఅత్‌నే వర్తింపజేయాలని కోరాయనీ అందులో రాశారు. అంటే కూతురికి, భార్యకు, తల్లికి, సోదరికి అల్లాహ్ నిర్ణయించిన వాటాను నిలబెట్టమని స్త్రీలే ముందుకు వచ్చి అడిగారు. కానీ ఆ చట్టం నుండి వ్యవసాయ భూమిని మినహాయించారు. ఇల్లు, నగ, నగదు వరకు షరీఅత్. చేనుకు మాత్రం పాత ఆచారం. భూమి మీద బ్రతికే సమాజంలో భూమిని మినహాయిస్తే ఇక మిగిలేదెంత?

ఆ లోటు మన ప్రాంతంలో త్వరగానే తీరింది. 1949లో మద్రాసు శాసనసభ ఆ చట్టాన్ని సవరించి, వ్యవసాయ భూమి మినహాయింపును తొలగించింది. కోనసీమ ఆనాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నది గనుక ఆ సవరణ మనకు వర్తించింది. కాబట్టి సోదరులారా, మన వరిచేలలో, కొబ్బరితోటలలో, అరటితోటలలో ముస్లిం ఆడబిడ్డ వాటాను దేశ చట్టం గుర్తించి 75 సంవత్సరాలు దాటింది. చట్టం అడ్డు వచ్చిందని మనం చెప్పుకోవడానికి వీలు లేదు.

వివాహం విషయంలోనూ ఇటువంటి చరిత్రే ఉంది. భర్త ఏళ్ళ తరబడి కనబడకపోయినా, తిండి పెట్టకపోయినా స్త్రీకి విడుదల దొరకని దుస్థితి ఉండేది. దిక్కుతోచక కొందరు స్త్రీలు ధర్మాన్నే విడిచిపెట్టి ఆ బంధం నుండి బయటపడ్డారు. పండితులు ఉలిక్కిపడ్డారు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ న్యాయశాస్త్రం నుండి పరిష్కారాలు స్వీకరించి గ్రంథం వెలువరించారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త జాడ 4 సంవత్సరాలు తెలియకపోయినా, 2 సంవత్సరాలు పోషణ లేకపోయినా స్త్రీ న్యాయస్థానం ద్వారా విడుదల కోరవచ్చు. ఇందులో మనకొక హెచ్చరిక ఉంది. ధర్మం పేరు చెప్పి మనం న్యాయాన్ని ఆపితే, ధర్మం నుండే మనుషులను వెళ్ళగొట్టినవారమవుతాము.

ఇది ఒక్క ముస్లింల కథ కాదు. గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో, 1909లో దుర్గాబాయి పుట్టారు. బాల్యంలోనే పెళ్ళి అయింది. పెద్దయ్యాక ఆ బంధంలో ఉండనన్నారు. చిన్న వయసులోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. న్యాయశాస్త్రం చదివి న్యాయవాది అయ్యారు. రాజ్యాంగ సభలో ఉన్న కొద్దిమంది స్త్రీలలో ఒకరై, హిందూ స్త్రీల ఆస్తి హక్కు కోసం వాదించారు. అదే రాజ్యాంగ సభలో బేగం ఐజాజ్ రసూల్ ఏకైక ముస్లిం మహిళా సభ్యురాలు. మన జిల్లా ఎవరి పేరు ధరించిందో ఆ డాక్టర్ అంబేద్కర్, హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడం ఒక కారణంగా 1951లో కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. స్త్రీకి వాటా ఇవ్వడమన్న విషయం మంత్రి పదవి కంటే పెద్దదని ఆయన భావించారు. ఆయన పేరు ప్రతి దస్తావేజులో జిల్లా పేరుగా రాస్తున్న మనం, అదే దస్తావేజులో ఆడబిడ్డ పేరు రాయడానికి వెనుకాడుతున్నాము.

హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా రచనలు చేశారు, పత్రికలు నడిపారు, 1934లో బాలికలకు సఫ్దరియా పాఠశాల స్థాపించారు. మాసూమా బేగం 1952 ఎన్నికలలో హైదరాబాదు శాసనసభకు గెలిచారు. తరువాత దామోదరం సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. విశ్వాసం వదులుకోకుండానే ప్రజాజీవితంలో నిలబడిన తెలుగునేల ముస్లిం స్త్రీలు వీరు. వీరి పేర్లు మన పిల్లలకు తెలియాలి.

సోదరులారా! ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. ఒక రైతు చనిపోయాడనుకోండి. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరగా మూడెకరాల ఇరవై సెంట్లు, అంటే 320 సెంట్లు మిగిలింది. భార్యకు ఎనిమిదవ వంతు, 40 సెంట్లు. మిగిలిన 280 సెంట్లలో కొడుకుకు 140, కూతుళ్ళకు చెరి 70. ఇది అల్లాహ్ వేసిన లెక్క. మరి మనం వేసే లెక్క ఏమిటి? 320 సెంట్లూ కొడుకు పేర రాస్తాము. తల్లికి పోషణ, అక్కచెల్లెళ్ళకు పండుగ చీర. మగవాడికి రెండు పాళ్ళన్న ఆదేశం మనకందరికీ కంఠస్థమే. ఆ వాక్యంలోనే ఉన్న ఆడబిడ్డ పాలు మాత్రం జ్ఞాపకం రాదు. పైగా ఆ రెండు పాళ్ళతో పాటు కుటుంబ పోషణ బాధ్యత మగవాడి మీద పెట్టారన్నదీ మరచిపోతాము.

ఇందుకు మనం చెప్పుకునే సాకులు మూడు నాలుగు ఉన్నాయి.

మొదటిది: పెళ్ళికి ఖర్చు పెట్టాం, కట్నం ఇచ్చాం, దానితో సరి. కట్నం ధర్మం చెప్పినది కాదు. ధర్మం చెప్పని ఖర్చు చేసి, ధర్మం విధించిన బాకీ తీరిపోయిందనడం ఎలా కుదురుతుంది? కొడుకు చదువుకు తండ్రి ఖర్చు పెట్టలేదా? అతడు గల్ఫు వెళ్ళడానికి డబ్బు కట్టలేదా? దానిని అతని వాటాలో ఎవరు తగ్గించారు?

రెండవది: చెల్లెలే వద్దన్నది. తన వాటా ఎంతో ఆమెకు ఎవరైనా చెప్పారా? కాగితం చదివి వినిపించారా? చాలాసార్లు ఆమె వదులుకోవడానికి కారణం ఉదారత కాదు, భయం. అడిగితే అన్న మాట్లాడడేమో, పండుగకు పిలుపు రాదేమో, రేపు అత్తవారింట కష్టం వస్తే వచ్చి నిలబడడానికి గడప ఉండదేమో అన్న భయం. పుట్టింటి దారి తెరిచి ఉంచుకోవడానికి ఆమె 70 సెంట్లు చెల్లిస్తున్నది. సొంత చెల్లెలి వద్ద గడప దాటడానికి వెల పుచ్చుకునే అన్న ఎటువంటి అన్న? ముందు ఆమె వాటా ఆమె పేర రాయండి, ఆమె చేతికి ఇవ్వండి. ఆ తరువాత ఆమె ఇష్టపూర్వకంగా తిరిగి ఇస్తే అది కానుక. చేతికి ఇవ్వకముందే తీసుకున్న సంతకం కానుక కాదు.

మూడవది: పొలం ముక్కలవుతుంది, తోట పరాయివారి పాలవుతుంది. అట్లయితే విలువ కట్టి సొమ్ము ఇవ్వండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే గడువు రాసుకుని ఇవ్వండి. లేదా భూమి ఆమె పేరనే ఉంచి మీరు సాగు చేసి, ఏటేటా కౌలు ఇవ్వండి. మన సీమలో కౌలు తెలియని రైతు లేడు. ఊరివారి భూమికి కౌలు కొలిచే చేతులు చెల్లెలి భూమికి కొలవలేవా?

నాలుగవది, అన్నిటికంటే గడుసైనది: తండ్రి బ్రతికి ఉండగానే కూతుళ్ళ చేత హక్కు విడుదల రాయించడం. యజమాని జీవించి ఉండగా వారసత్వ హక్కే పుట్టదు. పుట్టని హక్కును వదులుకోవడం చెల్లదు. ఇది షరీఅత్ మాట, దేశ చట్టం మాట కూడా. ఇక కొడుకులకే అంతా దానంగా రాసిపెట్టే తండ్రులు హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ ఉదంతం గుర్తుంచుకోవాలి. వారి తండ్రి ఒక్క కుమారునికి కానుక ఇచ్చి సాక్ష్యానికి వస్తే, మిగిలిన సంతానానికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త అడిగారు. లేదంటే, ఆ కానుకకు సాక్షిగా ఉండటానికి నిరాకరించారు. ప్రవక్త సాక్ష్యం చెప్పనన్న పత్రానికి మనం సాక్షి సంతకాలు పెడుతున్నామేమో ఆలోచించండి.

అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందని ప్రవక్త హెచ్చరించారు. ఆక్రమణ అంటే పొరుగువాని గట్టు జరపడమే అనుకుంటాము. చెల్లెలి 70 సెంట్లు ఎన్ని జానెలు?

అల్లాహ్ నన్నూ, మిమ్మల్నీ క్షమించుగాక! క్షమాపణ వేడుకోండి, ఆయన అపార కృపాశీలుడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కలుగుగాక!

సోదరులారా! వారసత్వ వాటాలు చెప్పిన వెంటనే దివ్య ఖుర్ఆన్ వాటిని అల్లాహ్ విధించిన హద్దులు అన్నది. పాటించేవారికి స్వర్గ శుభవార్త, మీరేవారికి శిక్ష గురించి హెచ్చరిక అక్కడే ఉన్నాయి. దానిని బట్టి ఇది కుటుంబ సర్దుబాటు కాదని, ఇబాదత్‌తో సమానంగా జవాబు చెప్పుకోవలసిన విషయమని తెలుసుకోవాలి.

కాబట్టి ఈ వారం ఇంటికి వెళ్ళి కొన్ని పనులు చేయండి. తండ్రి, తాతల ఆస్తిలో పంపకం కానిది, తప్పుగా పంచుకున్నది ఉన్నదేమో కాగితాలు తీసి చూడండి. వారసులందరి పేర్లు, ఆడవారివి కూడా, రాయండి. తల్లికి చెల్లించని మహర్ ఉంటే అది తండ్రి మీద అప్పు. పంపకానికి ముందే తీర్చండి. వాటాల లెక్కకు ఆలిమ్‌ను, దస్తావేజుకు న్యాయవాదిని సంప్రదించండి. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు ఎక్కేవరకు పని ముగిసినట్లు కాదు. అక్క మరణించి ఉంటే ఆ బాకీ పోలేదు, ఆమె పిల్లలకు ఇవ్వాలి. పంచిన ఆస్తి కరిగిపోయి ఉంటే, కనీసం వెళ్ళి మాట్లాడి, శక్తి మేరకు చెల్లించే ఏర్పాటు చేసుకోండి.

మరొక మాట. మన రాష్ట్రంలో స్థానిక సంస్థలలో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించారు. 1917లో అడిగిన హక్కు నేడు పంచాయతీ వరకు వచ్చింది. అయినా పేరు భార్యది, కుర్చీ భర్తది అన్న తీరు అనేకచోట్ల కనబడుతుంది. దైవప్రవక్త స్త్రీల నుండి వారి స్వంత ప్రమాణం స్వీకరించారు. వారి తరఫున తండ్రినో భర్తనో ప్రమాణం చేయమనలేదు. ఎన్నికైన స్త్రీని ఆమె స్థానంలో కూర్చోనివ్వండి. ఆమె ఓటు ఆమె నిర్ణయించుకోనివ్వండి. మీ కూతుళ్ళకు పొలం హద్దులు, సర్వే నంబర్లు చూపించండి, కొడుకులకు చూపించినట్లే.

మద్రాసుకు వెళ్ళి మంత్రిని కలిసిన స్త్రీలు, చట్టసభలో వాదించిన స్త్రీలు తమ వంతు చేసి వెళ్ళిపోయారు. చట్టం తన వంతు చేసింది. అల్లాహ్ ఆదేశం అంతకంటే 1300 ఏళ్ళ ముందే వచ్చి ఉన్నది. మిగిలిన ఒక్క అడుగు అన్న తన చెల్లెలి గుమ్మం దాకా వేయవలసినది. ఆమె వచ్చి అడిగేవరకు ఆగకండి.

ఓ అల్లాహ్! మా సంపాదనలో ఇతరుల హక్కు కలిసి ఉంటే దానిని గుర్తించే వెలుగును, తిరిగి ఇచ్చే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. మా తల్లులకు, అక్కచెల్లెళ్ళకు, బిడ్డలకు మేము బాకీపడినవారముగా నీ ముందు నిలబడే దుర్గతి నుండి మమ్మల్ని కాపాడు. మొర పెట్టుకున్న ప్రతి స్త్రీ మాట వినే హృదయాన్ని మాకివ్వు. మా ఊరిలో అన్ని మతాల కుటుంబాల మధ్య న్యాయాన్ని, సౌహార్దాన్ని నిలుపు. ఆమీన్.

సోదరులారా, లేవండి, నమాజుకు వరుసలు సరిచేసుకోండి.